ముల్లు సరే, పట్టుకున్న చెయ్యి ఎవరిది?

మొన్న లంచ్‌లో మళ్ళీ అదే గోల. మా టీంలో కుర్రాడొకడు సూసైడ్ స్క్వాడ్ సినిమా చూసొచ్చి ఒకటే పొగడ్త. "ఆ విలన్లని జైల్లో కూర్చోబెట్టి మేపే బదులు దేశానికి వాడుకుంటే తప్పేంటన్నా? ముల్లుని ముల్లుతోనే తియ్యాలి" అన్నాడు. టేబుల్ చుట్టూ అందరూ తలలూపారు. నాకు మాత్రం పెరుగన్నం దిగలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1987లో జాన్ ఆస్ట్రాండర్ డీసీ కామిక్స్‌కి రాసిన సూసైడ్ స్క్వాడ్‌లో అమాండా వాలర్ అనే ప్రభుత్వ అధికారిణి ఉంటుంది. లూసియానాలోని బెల్ రీవ్ జైల్లో ఉన్న సూపర్ విలన్లని రహస్యంగా పనుల మీద పంపిస్తుంటుంది. బతికి తిరిగొస్తే శిక్ష తగ్గుతుంది. పారిపోతే చేతికి తొడిగిన కడియం పేలుతుంది (2016 సినిమాలో అది మెడలో బాంబయింది). దొరికిపోతే మాత్రం "వీళ్ళెవరో మాకు తెలీదు" అని ప్రభుత్వం చేతులు దులిపేసుకుంటుంది.

దీన్ని చాలామంది "చెడ్డవాళ్ళకి ఇంకో ఛాన్సు" కథ అనుకుంటారు. కాదు మహాప్రభో! కావల్సింది బలమే అయితే ఆ లోకంలో సూపర్‌మాన్ లేడా? అతన్నెందుకు పంపరు? పంపితే "ఎందుకెళ్ళాలి?" అని అడుగుతాడు. అతను చస్తే "ఎందుకు చచ్చాడు?" అని జనం అడుగుతారు. కెప్టెన్ బూమరాంగ్ చస్తే అడిగే నాథుడే లేడు. విలన్‌కున్న అసలు క్వాలిఫికేషన్ అదీ!

2016 సినిమానే తీసుకోండి. స్క్వాడ్‌ని దింపింది ఎవరి మీదకి? వాలర్ స్వయంగా చేరదీసిన ఎన్‌చాంట్రెస్ మీదకి. అంటే బగ్ పెట్టిందీ ఆవిడే, ఫిక్స్ చెయ్యమన్నదీ ఆవిడే. మధ్యలో, ఇదంతా తెలిసే క్లియరెన్స్ లేదని తన ఆఫీసు వాళ్ళనే కాల్చేస్తుంది. 2021లో జేమ్స్ గన్ తీసినదాంట్లో అయితే మిషన్ అసలు ఉద్దేశమే అమెరికా పాపాన్ని కప్పెట్టడం.

మార్వెల్ వాళ్ళదీ అదే దారి. 2007లో వారెన్ ఎల్లిస్ రాసిన థండర్‌బోల్ట్స్‌లో నార్మన్ ఆస్బార్న్ ప్రభుత్వ డైరెక్టర్ అయ్యి, విలన్లతో ఎవర్ని వేటాడించాడో తెలుసా? రిజిస్ట్రేషన్ చేయించుకోని హీరోలని! ముల్లు ఒకసారి చేతికొచ్చాక గుచ్చడానికి ఎవరైనా ఒకటే.

"కామిక్సే కదా, అంత ఆవేశం దేనికి?" అంటారా? 1960లో క్యూబాలో కాస్ట్రోని చంపించడానికి సీఐఏ మాఫియా వాళ్ళనే ఆశ్రయించింది. జానీ రోసెల్లీ, శామ్ జియంకానా. 1,50,000 డాలర్ల ఆఫరు, విషం మాత్రలు... 1975లో సెనేట్‌కి చెందిన చర్చ్ కమిటీ తవ్వితే అంతా బయటపడింది. ఆ ఏడాదే జియంకానాని అతని ఇంట్లోనే ఎవరో కాల్చేశారు. మర్నాడు ఏడాది, అంటే 1976లో, రోసెల్లీ శవం ఫ్లోరిడాలో ఒక డ్రమ్ములో తేలింది. ఎవరు చంపారో ఈనాటికీ తేలలేదు. తియ్యాల్సిన ముల్లు కాస్ట్రో మాత్రం 2016 దాకా, 90 ఏళ్ళు బతికాడు.

ఆస్ట్రాండర్‌ని నేను తప్పు పట్టట్లేదు. ఆయన వాలర్‌ని వాలర్‌లాగే చూపించాడు. నా గొడవంతా చప్పట్లు కొట్టే మనతోనే.

ఇంత ఉడుకు దేనికంటే, నేనూ ఒకసారి వాలర్‌నే. కొన్నేళ్ళ క్రితం ఒక రిలీజ్‌లో, టెస్టింగ్ పూర్తి కాలేదని తెలిసీ ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ ఒక కాంట్రాక్ట్ కుర్రాడి చేత చేయించాను. పర్మనెంట్ వాళ్ళెవరూ ఒప్పుకోరని తెలుసు. సిస్టమ్ పడిపోయింది. మెయిల్స్‌లో అతని పేరే తిరిగింది. కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు. నా అప్రైజల్ మాత్రం బాగానే వచ్చింది. పైగా అతను విలన్ కూడా కాదు, పాపం.

కాబట్టి తమ్ముడూ, ఈసారి ముల్లు సామెత చెప్పేముందు, అవతల పట్టుకున్న చెయ్యి ఎవరిదో, ఆ చేతికి గుచ్చుకుంటుందో లేదో కూడా కాస్త చూడు. రేపు నీ చేత ఎవరైనా అర్ధరాత్రి బటన్ నొక్కించబోతే, ముందు ఆర్డరు మెయిల్లో పెట్టమను. చెప్పింది నేనైనా సరే.