ప్రింటరు మొరాయిస్తే... బాగు చేయించాలా? కొత్తది కొనాలా?

ఒకప్పుడు మన ఇళ్ళల్లో రిపేరు అంటే మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె... అంతే. 2020లో లాక్‌డౌన్ వచ్చి పిల్లల బడి ఇంట్లోకి దిగాక చాలా ఇళ్ళల్లో ప్రింటరు కూడా చేరింది. ప్రాజెక్టులకి బొమ్మలు, హాల్ టిక్కెట్లు, ఆధార్ కాపీలు అన్నీ దాంట్లోనే. మిక్సీ పాడైతే రోటిపచ్చడితో ఆ పూట గడుస్తుంది. ప్రింటరు మాత్రం సరిగ్గా తెల్లారితే ప్రాజెక్టు ఇవ్వాల్సిన రాత్రే మొరాయిస్తుంది! "పారేసి కొత్తది కొందాం" అంటారు శ్రీవారు. "కొని నాలుగేళ్ళు కాలేదు, అప్పుడేనా?" అంటాం మనం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఏ మాట ఎప్పుడు నిజమో తెలిస్తే చాలు.

ముందు అది నిజంగా పాడైందో లేదో చూడండి. ఇంట్లో వైఫై పెట్టె మార్చినా, పాస్‌వర్డ్ మార్చినా ప్రింటరు పలకదు. కొత్త పాస్‌వర్డ్‌తో మళ్ళీ కలపాలి, అంతే. కాగితం ఇరుక్కుంటే స్విచ్ ఆపి, కాగితం వెళ్ళే దిక్కుగానే నెమ్మదిగా లాగాలి. చిరిగిన ముక్క లోపల మిగిలిందేమో టార్చి వేసి చూడాలి. కాగితాన్ని లాక్కోకపోతే లోపలి రబ్బరు రోలర్ల మీద దుమ్ము చేరి ఉంటుంది. నూగు రాని గుడ్డని కాస్త తడిపి తుడవండి. వానాకాలంలో కాగితాలు చెమ్మగిల్లి రెండేసి అంటుకుంటాయి, కట్టని కవర్లో చుట్టి పెట్టుకోండి.

అచ్చు గీతలు గీతలుగా వస్తుంటే, ఒక రంగు అసలే రాకపోతే, సిరా చిమ్మే సన్నటి రంధ్రాలు ఎండిపోయాయన్నమాట. ప్రింటరులోనే 'నాజిల్ చెక్', 'హెడ్ క్లీనింగ్' అని ఉంటాయి. రెండు మూడుసార్లు చేసి, ఫలితం లేకపోతే ఒక రాత్రి వదిలేసి మళ్ళీ చూడండి. అదేపనిగా చేయొద్దు. చేసిన ప్రతిసారీ సిరా ఖర్చవుతుంది. ఆ వృథా సిరా అంతా ప్రింటరు అడుగునున్న స్పాంజి లాంటి ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండిందని లెక్క తేలితే ప్రింటరు లైట్లు మిణుకుమిణుకుమంటూ పని ఆపేస్తుంది.

ఆ ప్యాడ్ సంగతి తెలియకపోతే ఎంత నష్టమో మా తోటికోడలి ఇంట్లో చూశాను. ఆవిడ ఇరవైమంది పిల్లలకి ఇంట్లోనే ట్యూషన్ చెబుతుంది. మరిదికి ఉద్యోగం పోయాక ఆ ఫీజుల మీదే ఇల్లు నడుస్తోంది. ప్రశ్నపత్రాలన్నీ 2021లో కొన్న ఇంకు ట్యాంకు ప్రింటరులో తీస్తుంది. అర్ధ సంవత్సరం పరీక్షల ముందు అది ఆగిపోయింది. తీసుకెళ్ళిన షాపులో "బోర్డు పోయిందమ్మా, ఆరున్నర వేలవుతుంది, దానికన్నా కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్తది పదిహేను వేలు. చేతిలో ఉన్నది కొడుకు ఇంటర్ రెండో ఏడాది ఫీజు కోసం దాచిన పద్దెనిమిది వేలే.

"అక్కా, ఫీజు ఓ నెల ఆలస్యంగా కడితే ఏమంటారంటావు?" అని ఫోన్ చేసింది. ఆ గొంతు వింటే నాకు అన్నం సయించలేదు. ఇంకోచోట చూపించకుండా ఆ డబ్బు ముట్టుకోవద్దన్నాను. మర్నాడు ఇద్దరం కలిసి వేరే మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆ అబ్బాయి ప్రింటరుని కంప్యూటరుకి కలిపి, తెర మీద వచ్చిన మాట చదివాడు. ప్యాడ్ నిండిందట! ప్యాడ్ మార్చి, లెక్క మళ్ళీ మొదటికి తెచ్చినందుకు పన్నెండు వందలు తీసుకున్నాడు. ఆ సాయంత్రమే లెక్కల పేపరు అచ్చయింది. ఫీజు గడువులోపే కట్టింది.

అలాగని ప్రతిదాన్నీ బాగు చేయించమని కాదు. మా ఇంట్లో ఉన్న చిన్న కార్ట్రిడ్జ్ ప్రింటరు పాడైతే సంతోషంగా సాగనంపాం. మా హైదరాబాదు వైపు "చారాణా కోడికి బారాణా మసాలా" అంటారు చూడండి, అచ్చం అదే! కొనేటప్పుడు చవక. తర్వాత తొమ్మిది వందలు పెట్టి కార్ట్రిడ్జ్ కొంటే, అది 120 పేజీలిస్తే, పేజీకి ఏడున్నర రూపాయలు పడ్డట్టు. మీ వీధి జిరాక్సు షాపు రేటుతో పోల్చి చూసుకోండి. ట్యాంకు ప్రింటరు ధర ఎక్కువే కానీ ఒక సిరా సీసాకి వేలల్లో పేజీలొస్తాయి. నెలకోసారి కూడా ముట్టుకోనివాళ్ళకి లేజరు ప్రింటరు నయం. అందులో ఉండేది పొడి కాబట్టి ఎండిపోయే బాధ లేదు. నెలకి నాలుగైదు పేజీలే అయితే మాత్రం ఏదీ కొనకండి, షాపులోనే తీయించుకోండి.

నేను పెట్టుకున్న లెక్క ఇదీ:

* గ్యారంటీ ఉందా? బిల్లు తీసి తేదీ చూడండి. ఉంటే మూత విప్పకుండా కంపెనీ సర్వీసుకే ఇవ్వండి. ఇబ్బంది పెడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.
* రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు లోపైతే చేయించండి. సగం దాటితే వద్దు.
* ఏ భాగం పోయింది, ఎంతవుతుంది, మళ్ళీ పాడైతే ఎన్నాళ్ళవరకు ఊరికే చూస్తారు... ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. పాత భాగం అడిగి తీసుకోండి.
* పెద్ద ఖర్చు చెబితే రెండోచోట చూపించందే ఒప్పుకోవద్దు.
* ఏడాదిలో రెండోసారి అదే జబ్బు చేస్తే దానికి ఇక సెలవే.

ప్రింటరు మన్నాలంటే వారానికోసారి ఒక రంగుల పేజీ తీయండి. ఆపేటప్పుడు గోడ స్విచ్ కాదు, ముందు ప్రింటరు మీటే నొక్కాలి. అప్పుడే సిరా హెడ్డు తన చోటికి వెళ్ళి మూతపడుతుంది, ఎండదు. వాడనప్పుడు పాత చీర ముక్క కప్పి ఉంచండి, దుమ్ము పడదు.

ఇక పనికిరాదని తేలిందా? చెత్తబుట్టలో వేయొద్దు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో ప్రింటర్లు, కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి. వాటిని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎక్కడ ఇవ్వాలో అడగండి. కొత్తది కొంటుంటే పాతదానికి ఎంత తగ్గిస్తారో షాపువాణ్ణి అడగడం మరిచిపోకండి. కూరగాయల దగ్గర రూపాయికి బేరమాడేవాళ్ళం, ఇక్కడ మొహమాటం ఎందుకు చెప్పండి!