మహిమ వేరు, మాయ వేరు

గొడగూచి కథ మీరు వినే ఉంటారు. తండ్రి ఊరికి వెళుతూ శివునికి పాలు నివేదించమని కూతురికి అప్పగించాడు. స్వామి త్రాగకపోవడంతో ఆ పసిబిడ్డ బెంబేలుపడి, ఇంట్లో కోపగిస్తారన్న భయంతో తల పగులగొట్టుకోబోగా, శివుడు ప్రత్యక్షమై గిన్నె ఖాళీ చేశాడు. బసవపురాణంలో ఈ కథను ద్విపదలో చెప్పిన పాల్కురికి సోమనాథునికి ఊరిపేరైన పాలకుర్తి మా మరిపెడకు ఎంతో దూరం లేదు.

“ఇదీ మాంత్రికుల కథలూ ఒకటే కదా?” అని చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. అడగనివ్వండి. గొడగూచి తండ్రి సైతం తిరిగి వచ్చి బిడ్డ మాట నమ్మక గద్దించాడు; ఆ సందేహాన్ని సోమనాథుడు దాచలేదు.

16వ శతాబ్దిలో పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయంలో మణిస్తంభుడనే సిద్ధుడున్నాడు. దూరాన జరిగేది చూడగలడు, వినగలడు, సింహంపై తిరుగుతాడు. ఇన్ని శక్తులుండీ కలభాషిణిని దేవికి బలి ఇవ్వబోయాడు! శక్తి ఉన్నది, కోరిక చావలేదు. సిద్ధులు సమాధికి అడ్డంకులని పతంజలి మహర్షి హెచ్చరించినది ఇందుకే.

ఫ్రెంచివారి ప్రాచీన వీరగాథలలోనూ ఈ రెండు ధారలు కానవస్తాయి. 1100 ప్రాంతపు రోలాఁ గాథలో షార్లమేన్ చక్రవర్తి ప్రొద్దు గ్రుంకకుండా దేవుని వేడుకొనగా సూర్యుడు నిలిచిపోతాడు. మన సుమతి మాటకు సూర్యోదయమే ఆగలేదా! 13వ శతాబ్ది నాటి హ్యువాన్ గాథలో ఓబెరాన్ అనే మరుగుజ్జు మాయారాజు ఉన్నాడు. మన యక్షుల వంటివాడే, కాని క్రీస్తును నమ్మినవాడు. అతడిచ్చిన పానపాత్ర నిష్కల్మషునికే నిండుతుంది. కోటద్వారం దాటడానికి హ్యువాన్ ఒక్క అబద్ధమాడగానే ఆ అండ తప్పిపోయింది. గడుసు కవి! మాయను సైతం సత్యానికి కట్టివేశాడు.

నా మటుకు గీటురాయి ఇదే. గొడగూచి అద్భుతం చూపాలనుకోలేదు. పాలు త్రాగమని మాత్రమే ఏడ్చింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. బిడ్డకు జ్వరమని వచ్చిన తల్లికి తాయెత్తు కట్టి, వేలకు వేలు అడిగి, వైద్యుని వద్దకు పోవద్దనేవాడిని ఏ పురాణమూ భక్తుడని పిలువలేదు. అటువంటివాడు మీ గడప ఎక్కితే బిడ్డను ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అర్చన తరువాత చేయించుకోవచ్చు. స్వామి ఎక్కడికీ పోడు.