చంకన బిడ్డ, చేతుల నిండా పని

పసిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లికి రెండు చేతులు చాలవు. నల్లా వచ్చే వేళకు బిందెలు పట్టుకోవాలి, మొదటి షిఫ్టుకు పోయే ఆయనకు టిఫిన్ డబ్బా కట్టాలి, పెద్దదాన్ని బడి ఆటో ఎక్కించాలి. సరిగ్గా అప్పుడే చంటిది ఎత్తుకొమ్మని రాగం తీస్తుంది. మా శ్రీరాంపూర్ కాలనీల్లో ఏ క్వార్టర్ తలుపు తట్టినా ఇదే ముచ్చట. వెనకట అత్తమ్మో, ఆడబిడ్డో, పక్కింటి పెద్దమ్మో కాసేపు అందుకునేవాళ్ళు. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఆలుమగలిద్దరే. ఆయన షిఫ్టుకు పోతే ఇల్లాలు ఒక్కతే.

లక్సెట్టిపేట చెల్లెలు ఒకామె అడిగింది: "అక్కా, మా బాబుకు నాలుగో నెల. బిడ్డను కట్టుకునే కంగారూ బ్యాగు కొందామనుకుంటున్న. దుకాణంల పది రకాలున్నయి, ఏది తీసుకోవాల్నో తెలుస్తలేదు. మా అత్తమ్మేమో కాళ్ళు ఎడం చేసి కడితే దొడ్డికాళ్ళు వస్తయంటున్నది. నిజమేనా?" ఇలాంటి సందేహం చాలామందికి ఉంటుంది కాబట్టి ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

మన కొంగుకు మనుమరాలే

బేబీ క్యారియర్ అనగానే ఏదో పట్నం వస్తువు అనుకుంటాం. నాట్లకు, కలుపుకు పోయే తల్లులు చీరతో జోలె కట్టి బిడ్డను వేసుకోవడం మనకు కొత్తా? ఇప్పుడు బజారులో దొరికే మెత్తటి క్యారియర్ కూడా అలాంటి బట్టలోంచే పుట్టింది. ఆన్ మూర్ అనే అమెరికా నర్సు 1960లలో ఆఫ్రికాలోని టోగో దేశంలో పనిచేసింది. అక్కడి తల్లులు బట్టతో బిడ్డను వీపుకు కట్టుకుని పనులు చేసుకోవడం, ఆ పిల్లలు హాయిగా ఉండడం చూసింది. తనకు బిడ్డ పుట్టాక అలాంటిదే కావాలని తల్లి చేత కుట్టించుకుంది. 1969లో దానికి పేటెంటు కూడా వచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మన దగ్గరున్న తెలివినే మనం దుకాణంలో వెతుక్కుంటున్నామన్నమాట.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఏ క్యారియర్ కొన్నా, అది మీరు బిడ్డను ఎత్తుకున్నట్టే ఎత్తుకోవాలి. మీ చేతులు ఎక్కడ ఆనుతాయో అక్కడ దాని బట్ట ఆనాలి. అంతకన్నా మంచి కొలత లేదు.

చంకే కొలత

బిడ్డను చంకనెత్తుకున్నప్పుడు ఒకసారి అద్దంలో చూసుకోండి. కాళ్ళు రెండూ మీ నడుముకు అటూ ఇటూ ఉంటాయి. పిరుదులు కిందికి, మోకాళ్ళు కాస్త పైకి, కూర్చున్న కప్పలాగ. తుంటి కీళ్ళు ఎదిగే మొదటి నెలల్లో ఈ కూర్పే మంచిదని ఎముకల డాక్టర్లు చెబుతారు. కాళ్ళను చాపి బిగించి చుట్టడమే మంచిది కాదు. జపాన్‌లో అలా చుట్టే అలవాటుండేది. తుంటి కీలు జారిన పిల్లలు ఎక్కువగా కనబడేసరికి 1975 ప్రాంతంలో ఆ అలవాటు మాన్పించడానికి పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. ఆ తర్వాత అలాంటి పిల్లల సంఖ్య బాగా తగ్గింది.

ఇక దొడ్డికాళ్ళ సంగతి. పిల్లలు పుట్టడమే కాస్త వంకర కాళ్ళతో పుడతారు, కడుపులో ముడుచుకుని ఉంటారు కదా. రెండేళ్ళు వచ్చేసరికి మామూలుగా అవే చక్కబడతాయి. ఎడంగా ఎత్తుకున్నందుకు దొడ్డికాళ్ళు రావు. రెండేళ్ళు దాటినా వంకర తగ్గకపోతే, లేదా ఒక కాలే వంగి ఉంటే డాక్టరుకు చూపించండి. అత్తమ్మతో వాదం పెట్టుకోవద్దు చెల్లే, "నువ్వు నీ కొడుకును చంకనెత్తుకుని పెంచలేదా అత్తమ్మా, ఆయన కాళ్ళు చక్కగనే ఉన్నయి గదా" అను. నవ్వి ఊరుకుంటుంది.

కాబట్టి దుకాణంలో మొదట చూడాల్సింది కూర్చునే చోటు వెడల్పు. బట్ట బిడ్డ ఒక మోకాలి నుంచి రెండో మోకాలి దాకా రావాలి. కాళ్ళ సందున సన్నటి పట్టీ ఉండి, కాళ్ళు గాల్లో వేలాడే రకం వద్దు. బరువంతా తొడల సందునే పడుతుంది, బిడ్డకు హాయి ఉండదు. పిల్ల ఎదిగేకొద్దీ వెడల్పు పెంచుకునే వీలున్నది తీసుకుంటే ఎక్కువ రోజులు పనికొస్తుంది.

ఊపిరి తర్వాతే ఏదైనా

పసిపిల్లల మెడకు బలం ఉండదు. తల ముందుకు వాలి గడ్డం ఎదకు ఆనుకుంటే ఊపిరి సన్నగిల్లుతుంది. పిల్ల ఏడవను కూడా ఏడవదు, నిద్రపోతున్నదనుకుంటాం. అమెరికాలో వస్తువుల భద్రత చూసే సర్కారు సంస్థ 2010 మార్చిలో జోలె సంచుల మీద హెచ్చరిక చేసింది. అంతకు ముందు ఇరవై ఏళ్ళలో 14 మంది శిశువుల మరణాలు తమ దృష్టికి వచ్చాయని, వారిలో 12 మంది నాలుగు నెలలు కూడా నిండనివారేనని చెప్పింది. కాబట్టి బిడ్డ లోపల ముడుచుకుపోయే లోతైన సంచి జోలెలు వద్దే వద్దు.

బ్రిటన్‌లో తల్లులకు ఐదు మాటలు నేర్పుతారు. మనమూ గుర్తుపెట్టుకుందాం. ఒకటి, బిడ్డ ఒంటికి ఆనుకుని బిగువుగా ఉండాలి. రెండు, తల దించి చూస్తే ముఖం ఎప్పుడూ కనబడాలి. మూడు, మీరు మెడ వంచితే నుదుటి మీద ముద్దు పెట్టగలిగినంత ఎత్తున ఉండాలి. నాలుగు, గడ్డానికీ ఎదకూ మధ్య కనీసం ఒక వేలు పట్టాలి. ఐదు, వీపుకు నిండుగా ఆసరా ఉండాలి.

నెలలు నిండకుండా పుట్టిన, బరువు తక్కువున్న, జలుబుతో ముక్కు మూసుకుపోయిన బిడ్డను డాక్టరును అడగకుండా కట్టుకోవద్దు. బరువు తక్కువ పిల్లలను తల్లి ఎదకు ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించే కంగారూ పద్ధతి వేరు. 1978లో కొలంబియా దేశం బొగోటాలో మొదలైన ఆ పద్ధతిని మన సర్కారు దవాఖానల్లోనూ నర్సమ్మలు నేర్పిస్తారు. బజారులో 'కంగారూ బ్యాగు' అని పేరు పెట్టినంత మాత్రాన అది ఆ వైద్యం కాదు సుమా.

తల్లి నడుము సంగతి

మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఐదారు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు బరువవుతుంది. అంటే తొమ్మిది కిలోలు. భుజాల మీద మాత్రమే వేలాడే క్యారియర్ అయితే సాయంత్రానికి మెడలు పట్టేస్తాయి. నడుముకు వెడల్పాటి పట్టీ ఉండి బరువును తుంటి ఎముకల మీదికి దించేది మంచిది. భుజం పట్టీల్లో మెత్త ఉండాలి, వీపు మీద అవి మెడకు తగలకుండా ఉండాలి.

మన దగ్గర ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. కుట్లు పచ్చిగా ఉండగా నడుము పట్టీ బిగిస్తే ఒరుసుకుంటుంది. ఎప్పటి నుంచి కట్టుకోవచ్చో మీ డాక్టరమ్మను అడిగి మొదలుపెట్టండి. మొదట పది నిమిషాలు చాలు.

పట్టీలు పెద్దగా చిన్నగా చేసుకునే వీలుంటే అయ్య కూడా కట్టుకోవచ్చు. రాత్రి షిఫ్టు చేసి నిద్ర తీరాక లేచిన ఆయన సాయంత్రం అరగంట బిడ్డను ఎదకు కట్టుకుని కాలనీలో తిరిగితే మగతనం ఏం తరగదు, మీకు అరగంట తీరిక దొరుకుతుంది.

ఏ రకం ఎవరికి?

పొడుగాటి నూలు బట్ట చుట్టుకునే రకం చిన్నపిల్లలకు హాయి. కట్టడం నేర్చుకోవాలి, అంతే. ఇంట్లో చీరతో కట్టేవాళ్ళు గట్టి నేత చీర వాడండి. సిల్కు, పాలిస్టర్ జారుతుంది. చిరిగే దశకు వచ్చిన పాత చీర వద్దు.

రెండు రింగుల్లోంచి కొంగు దూర్చి భుజాన వేసుకునే జోలె, ఊరికే ఎత్తి దించే పిల్లలకు వీలు. బరువు ఒక భుజం మీదే పడుతుంది కాబట్టి ఎక్కువసేపు పనికిరాదు, భుజం మారుస్తుండాలి.

బకిల్స్ ఉన్న మెత్తటి క్యారియర్ త్వరగా కట్టుకోవచ్చు. హడావిడి ఇళ్ళకు, బయటి పనులకు ఇదే ఎక్కువ అనుకూలం. కంపెనీ రాసిన బరువు, వయసు చూసుకోండి.

నడుముకు పీటలాగ కట్టుకునే 'హిప్ సీట్' బిడ్డ తనంతట తాను కూర్చోవడం వచ్చాకే. వీపున కట్టుకోవడం కూడా మెడ బాగా నిలిచి, ఆరు నెలలు దాటాకే మేలు. బిడ్డ ముఖం ముందుకు తిప్పి కట్టడం మెడ నిలిచాక కాసేపు మాత్రమే. నిద్ర వస్తే వెంటనే మీ వైపు తిప్పుకోండి.

మన ఎండ, మన చలి

మా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. బిడ్డ ఒళ్ళు, మీ ఒళ్ళు రెండు వేడులూ కలుస్తాయి. లోపల స్పంజు దట్టించిన క్యారియర్ వద్దు. పలచటి నూలుబట్ట లేదా జాలీ ఉన్నది తీసుకోండి. బిడ్డకు ఒక్క పలచటి జుబ్బా చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తుండండి, చెమటతో వేడిగా తగిలితే విప్పేయండి. మిట్టమధ్యాహ్నం బయటికి తీసుకుపోకండి.

బొగ్గు లారీల దుమ్మని, దిష్టి తగులుతుందని, చలి అని బిడ్డ ముఖం మీద కొంగు కప్పడం మనకు అలవాటు. చేతుల్లో ఉన్నప్పుడు సరే, కట్టుకున్నప్పుడు మాత్రం ముఖం మీద ఏ బట్టా వద్దు. గొడుగు పట్టండి, దుమ్ము తగ్గేదాకా పక్కకు ఆగండి. చలికాలం శాలువా మీ ఇద్దరి భుజాల చుట్టూ కప్పుకోండి, ముఖం బయటే ఉండాలి. దిష్టికి చుక్క ఉండనే ఉంది.

కొనేముందు, కట్టుకున్నాక

ధర ఐదారు వందల నుంచి వేలల్లోకి పోతుంది. ధర చూసి మోసపోవద్దు, తక్కువని సంబరపడొద్దు. కుట్లు గట్టిగా లాగి చూడండి. బకిల్ 'టక్' మని పడాలి, లాగితే ఊడకూడదు. కట్టుకుని దుకాణంలోనే పది నిమిషాలు నడవండి. ఆర్డరు పెట్టి తెప్పించుకుంటే వాపసు తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి. ఇంటికి తెచ్చాక మొదట బియ్యం మూటతో రెండుసార్లు అలవాటు చేసుకుని, తర్వాత బిడ్డను మంచం దగ్గర నిలబడి కట్టుకోండి. కింద జారినా పరుపు మీద పడుతుంది.

కట్టుకుని పొయ్యి దగ్గరికి పోవద్దు. పోపు చిటపటలు, కుక్కర్ ఆవిరి, వేడి చాయ్, కత్తిపీట, ఇవన్నీ బిడ్డ చేతికి అందే దూరంలో ఉంటాయి. బట్టలు మడత పెట్టండి, ఇల్లు సర్దుకోండి, బతుకమ్మ చూడండి, పర్వాలేదు. కింది వస్తువు తీయాలంటే నడుము వంచకుండా మోకాళ్ళ మీద కూర్చోండి. కట్టుకునే పాలిస్తే, తాగడం కాగానే బిడ్డను మళ్ళీ పైకి నిటారుగా సర్దండి.

అన్నిటికన్నా ముఖ్యం, స్కూటర్, మోటార్ సైకిల్ మీద క్యారియర్‌ను నమ్ముకోకండి. అది ఎత్తుకోవడానికే, ప్రమాదంలో కాపాడటానికి కాదు. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం, 2023 ఫిబ్రవరి 15 నుంచి తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు బండి మీద నడిపేవారికి కట్టే సేఫ్టీ హార్నెస్, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హార్నెస్ వేరు, ఈ క్యారియర్ వేరు. అంతకన్నా చిన్న బిడ్డ ఉంటే ఆటోనో బస్సో మేలు. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి బస్సులు కిటకిటలాడుతున్నాయి. టీకాలకు పోయేటప్పుడైనా, మేడారం జాతరకైనా బిడ్డ ఎదకు ఆనుకుని ఉంటే ఒక చెయ్యి కడ్డీ పట్టుకోవడానికి మిగులుతుంది. కానీ సీటు అడిగి కూర్చోండి, జనం ఒత్తిడి బిడ్డ వీపు మీద పడనీయకండి.

ఇక లక్సెట్టిపేట చెల్లెకు నా మాట. నీ బాబుకు నాలుగో నెల కాబట్టి మోకాళ్ళ దాకా వెడల్పు వచ్చే, నడుము పట్టీ ఉన్న, పలచటి నూలు క్యారియర్ తీసుకో. ముఖం నీ వైపే ఉంచు. అరగంటకోసారి దించి కాళ్ళు చేతులు ఆడనివ్వు. తొడల మీద ఎర్రటి చారలు పడితే సర్దుబాటు చెయ్. బాబు ఏడ్చినా, నీ నడుము నొచ్చినా విప్పేయి. పని ఎక్కడికీ పోదు.

వచ్చే వారం, ఆరో నెలలో పెట్టే ఉగ్గు, రాగి జావల ముచ్చట చెప్పుకుందాం.