చేప దగ్గర దొరికిపోయిన విలన్

1963లో వచ్చిన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ చూసినవాళ్లకి ఆ రైలు భోజనం గుర్తుండే ఉంటుంది. ఒకవైపు జేమ్స్ బాండ్‌గా షాన్ కానరీ, ఎదురుగా పెద్దమనిషి వేషంలో హంతకుడు రాబర్ట్ షా. ఇద్దరికీ సోల్ చేప. బాండ్ షాంపేన్ తెప్పిస్తే, రెండోవాడు కియాంటీ కావాలంటాడు, అదీ ఎర్రది! తుపాకీ గురిపెట్టించుకున్నాక గాని బాండ్‌కి వెలగదు, చేపతో ఎర్రవైన్ అడిగినప్పుడే వీణ్ణి అనుమానించాల్సిందని.

“ఇదేం చోద్యం! దొరల డాబు కాకపోతే ఏ రంగు తాగితే ఏం?” అంటారా? డాబు కొంత ఉంది, కాదనను. కానీ ఇందులో నాలుక సంగతి కూడా ఉందండోయ్. 2009లో జపాన్ పరిశోధకులు రకరకాల వైన్లని సముద్రపు చిప్పమాంసంతో కలిపి రుచి చూపించారు. వైన్‌లో ఇనుము ఎక్కువైనకొద్దీ నోట్లో నీచు ఎక్కువైంది. ఇనుము తక్కువున్న ఎర్రవైన్ మాత్రం ఏ గొడవా చేయలేదు. అంటే అసలు దోషి రంగు కాదు, ఇనుము!

మరి చేపకి సరిజోడీ ఎవరు? నన్నడిగితే షాబ్లీ. ఫ్రాన్సులో బర్గండీకి ఉత్తరపు కొసన, సెరాన్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరది. ఊరి పేరే వైన్ పేరు. ద్రాక్ష షార్డొనే ఒక్కటే. దీన్ని ‘డ్రై’ అంటారు. ఎండినదని కాదు సుమండీ, తీపి మిగలనిదని. పండులోని చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాల్ అయిపోతుంది. అక్కడి చలికి పండులో పులుపు నిలుస్తుంది. అందుకే గుటక వేస్తే పచ్చి ఆపిల్ కొరికినట్టుంటుంది.

వేయించిన చేప మీద మనం నిమ్మచెక్క పిండుకుంటాం చూడండి, ఈ వైన్ చేసేదీ ఆ పనే. జిడ్డు కోసేసి నోటిని మరో ముక్కకి సిద్ధం చేస్తుంది. వెన్నలో వేగిన చేప, మేకపాల చీజ్, ఆల్చిప్పలు... వీటితో హిట్ కాంబినేషన్. తమాషా ఏమిటంటే, ఆ తోటల కింది రాతిలో సుమారు 15 కోట్ల ఏళ్లనాటి బుల్లి ఆల్చిప్పలు శిలాజాలై ఉన్నాయి!

మన చేపల పులుసుతో మాత్రం ఫ్లాపే. చింతపండు ముందు దీని గొంతు వినపడదు. పైగా ఆల్కహాల్ కారాన్ని ఎగదోస్తుంది. అక్కడ మంచినీళ్లే నయం.

తాగమని నేను సిఫార్సు చేయడం లేదు. తాగేవాళ్లకి ఒక్క మాట: మరీ ఐసులో ముంచేస్తే రుచి మూగబోతుంది. 10 డిగ్రీల చల్లదనం చాలు.

అన్నట్టు, ఈ కథలో అసలు విలన్ వేరే ఉన్నాడు. పులుపునిచ్చిన ఆ చలే! ఏప్రిల్‌లో చిగురు వేసే వేళ మంచు పట్టిందా, ఏడాది పంట గోవిందా. 2021 ఏప్రిల్‌లో అదే జరిగింది. రైతులు రాత్రంతా తోటల్లో కొవ్వొత్తులు వెలిగించారు. కొందరు మొగ్గల మీద నీళ్లు చిమ్మారు. నీరు గడ్డకడుతూ విడిచే వేడి మొగ్గని కాపాడుతుందట మరి! అయినా చాలా పంట పోయింది. ఫొటోల్లో చూస్తే ఆ తోటలు దీపావళి సెట్టింగులా ఉంటాయి. వెనకున్నది రైతు గుండెదడ.

ఎప్పుడైనా షాబ్లీ సీసా ధర విని మీ గుండె గుభేలుమంటే, ఆ దీపాలు ఒక్కసారి గుర్తుచేసుకోండి.