బీచ్ ఫ్రీ అంటే మనకు కూడా ఫ్రీ

ఈ రోజు డ్యూటీ లేదు, కొంచెం పెద్దగనే రాస్తున్న. టైం దొరికినప్పుడు చదువుండ్రి.

దుబాయ్ జేబీఆర్ బీచ్ పేరు ఎత్తితే మనోళ్లు ఎక్కువమంది ఒక్కటే మాట అంటరు. "అది పైసలున్నోళ్లు తిరిగే జాగ, మనకేం పని?" నాకైతే ఈ మాట తప్పు అనిపిస్తది. ఎందుకో చెప్త.

ముందు లెక్క చూద్దాం. జేబీఆర్ బీచ్‌కు టికెట్ లేదు. బుర్జ్ అల్ అరబ్ కనపడే కైట్ బీచ్‌కు లేదు. జుమేరా, ఉమ్ సుఖీమ్ ఓపెన్ బీచ్‌లకు కూడా లేదు. పైసలు గుంజేది హోటళ్లు పరిచిన కుర్చీలకు, గొడుగులకు. ఒక పాత దుప్పటి సంచిల పెట్టుకపోయినోడికి వాటితోని పనే లేదు. సోనాపూర్ నుంచి బస్సు, మెట్రో, ట్రామ్ మారుకుంట పోయినా, మధ్యల అరగంట కంటే ఎక్కువ ఆగకుంటే నోల్ సిల్వర్ కార్డు మీద 7.50 దిర్హాములే కట్ అయితది. రానుపోను 15. మన రూపాయలల్ల 350కి అటు ఇటు. రూంలనే చపాతీ, ఆమ్లెట్ చేసుకొని పోతే తిండి ఖర్చు కూడా లేదు. నెలకోసారి ఇంత ఖర్చుకు ఇల్లు మునగది.

అంటే మనల్ని ఆపేది పైసలు కాదు, సిగ్గు. జేబీఆర్‌ల 40 టవర్లు ఉన్నయి. ఎక్కువ ఇండ్లవి, కొన్ని హోటళ్లవి. 2007ల పూర్తయినయి. వాటికి షట్టరింగ్ కొట్టింది, స్టీల్ కట్టింది, కాంక్రీట్ పోసింది ఎవరు? మన దేశపోళ్లు, పాకిస్తానోళ్లు, బంగ్లాదేశోళ్లు, నేపాలోళ్లు. అసొంటి టవర్ల మీద సేఫ్టీ బెల్ట్ పెట్టుకొని పని చేసేటప్పుడు లేని భయం, కింద ఇసుకల చెప్పులు ఇడిచి నడవనీకి ఎందుకు?

మన తెలంగాణకు సముద్రమే లేదు. శ్రీకాకుళం, కోనసీమ అన్నలకు సముద్రం కొత్త కాదు. కానీ జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కెళ్లి వచ్చినోళ్లకు నీళ్లంటే గోదావరి, ఎస్సారెస్పీ, ఊరి చెరువు. మా గ్యాంగ్‌ల ఒక తమ్ముడు తొమ్మిదేండ్ల నుంచి ఇక్కడనే చేస్తున్నడు. సముద్రాన్ని విమానంలకెళ్లి చూసిండు, బిల్డింగ్ మీదికెళ్లి చూసిండు, కాళ్లు మాత్రం తడుపుకోలే. పోయిన చలికాలం అందరం కలిసి తీస్కపోయినం. గంటసేపు మోకాలు లోతు నీళ్లల్ల నిలబడ్డడు. తర్వాత ఇంటికి వీడియో కాల్ చేసి బిడ్డకు అలలు చూపెట్టిండు. "బాపూ, నువ్వు ఉండేది ఇక్కడనేనా?" అని ఆ పిల్ల అడిగింది. "అవును బిడ్డా" అన్నడు. ఆరుగురు పండుకునే రూం ముచ్చట చెప్పలే. నేను దాన్ని అబద్ధం అనను. ఆ ఒక్క పూట అతను ఉన్నది అక్కడనే కదా.

సెలవు రోజు మనోళ్లు ఏం చేస్తరో మనందరికీ తెలుసు. రూంల పండుకొని ఫోన్ చూసుడు, మందు తాగుడు, ఊర్ల అప్పు యాది చేసుకొని లోపల్లోపల కుములుడు. నిద్రల పోయినోళ్ల వార్తలు, ఉరేసుకున్నోళ్ల వార్తలు మన గ్రూపులల్ల ఎన్నిసార్లు చూడలేదు? బీచ్‌కు పోతే అప్పు తీరదు, ఏజెంట్‌కు కట్టిన పైసలు వాపస్ రావు. అది నాకూ తెలుసు. కానీ వారమంతా సైట్, బస్సు, క్యాంపు అని తిరిగిన మనిషికి నాలుగు గంటలు వేరే గాలి తగలాలె. సెలవు ఎట్ల గడిచిందో మర్నాడు పొద్దున హాజరు తీసుకునేటప్పుడు మొఖం చూస్తేనే సూపర్‌వైజర్‌కు తెలుస్తది. నేను రోజూ చూస్తున్న.

ఇంకో సంగతి. ఇక్కడ బ్యాచిలర్ అంటే పెండ్లి కానోడు కాదు, పక్కన ఫ్యామిలీ లేనోడు. ఊర్ల భార్య, పిల్లలు, ముసలి తల్లి ఉన్నా సరే ఇక్కడ మనం బ్యాచిలర్లమే. ఈ మధ్య ఈద్ లాంటి పెద్ద సెలవులకు జుమేరా, ఉమ్ సుఖీమ్, అల్ మమ్జర్, జెబెల్ అలీలల్ల 8 పబ్లిక్ బీచ్‌లు ఫ్యామిలీలకు మాత్రమే అని పెడుతున్నరు. మనకు వరుసగ రెండు మూడు రోజులు సెలవు దొరికేదే ఆ పండుగలకు. రూల్ రూలే, పాటించాలె, అక్కడ ఎవ్వరితోని లొల్లి పెట్టుకోవద్దు. కానీ మనసుల మాట చెప్తున్న. కుటుంబాన్ని సాకనీకే కుటుంబాన్ని ఇడిచిపెట్టి వచ్చినోడు ఫ్యామిలీ మనిషి కాకుంటే మరెవడు? ఆ రోజులల్ల ఒక్క బీచ్, కొన్ని గంటలు మనసొంటోళ్లకు ఇడిస్తే బాగుంటది.

అట్లనే మన దిక్కు కూడా చూసుకోవాలె. గుంపుగ పోయి, నీళ్లల్ల ఉన్న ఆడోళ్ల దిక్కు కండ్లప్పగించి చూసేటోళ్లు మనలో ఉన్నరు. ఫోన్ తీసేటోళ్లు కూడా ఉన్నరు. పదిమంది చేసిన పనికి వేలమందికి పేరు పోతది. అడగకుండ ఒకరి ఫోటో తీస్తే 2021 సైబర్ చట్టం కింద జైలు, 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల దాక జరిమానా ఉన్నది. చట్టం సంగతి పక్కకు పెట్టు, మన చెల్లె అక్కడ ఉంటే ఏమనిపిస్తది? ఇద్దరు ముగ్గురుగ పోవాలె. లుంగీతోని, డ్రాయర్‌తోని నీళ్లల్ల దిగొద్దు, షార్ట్, టీషర్ట్ వేసుకోవాలె. తిన్న కాగితాలు, సీసాలు సంచిల వేసుకొని వాపస్ రావాలె.

చెరువుల ఈత వచ్చినోడు సముద్రంల కూడా వస్తది అనుకోవద్దు. చెరువు నీళ్లు నిలబడి ఉంటయి, సముద్రం లోపలికి గుంజుతది. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. లైఫ్‌గార్డ్ ఉన్నకాడనే దిగాలె. పొద్దుగూకినంక మామూలు బీచ్‌లల్ల ఈతకు దిగనియ్యరు. 2023ల జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుఖీమ్ 1ల రాత్రి ఈతకు అని మొత్తం 800 మీటర్ల జాగ తెరిచిండ్రు. లైట్లు ఉంటయి, లైఫ్‌గార్డులు ఉంటరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండల పని బంద్ పెట్టే దేశంల, ఆ కాలం మనకు రాత్రి బీచే మంచిది.

నాలాంటి సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు, క్యాంప్ బాస్‌లు ఈ పోస్టు చూస్తుంటే ఒక్క మాట. సెలవు రోజు క్యాంపుల కంపెనీ బస్సులు ఊరికెనే నిలబడి ఉంటయి. నెలకోసారి ఒక్క బస్సు బీచ్‌కు ఇప్పించమని ఆఫీసుల అడుగుండ్రి. అడిగితే పోయేది ఏం లేదు. కొత్తగ వచ్చిన పోరగాళ్లను ముందు తీస్కపోండ్రి, ఇంటి మీద బెంగ వాళ్లకే ఎక్కువ ఉంటది.

ఇప్పటికే పోయి వచ్చినోళ్లు మీ క్యాంపు దగ్గర ఏ బస్సు ఎక్కిండ్రో, ఎక్కడ దిగిండ్రో కింద రాయుండ్రి. తొవ్వ తెలియక ఆగిపోయినోళ్లకు పనికొస్తది.