గృహవిషయములు: పాము డబ్బాకు గాలిద్రోవ



పాము కనబడినచో కఱ్ఱ వెదకుటయు, నాగులచవితినాడు పుట్టకు మ్రొక్కుటయు మన యిండ్లలో ఎరిగినదే. పామును ఇంట పెంచుట మాత్రము మన పెద్దలెరుగని వేడుక. నేడు నగరములలో యువకులు కొందరు విదేశపు పాములను ప్లాస్టిక్ డబ్బాలలో పెంచుచున్నారు. మా మచ్చ బొల్లారమువంటి శివారులకును ఆ వేడుక ప్రాకుట వింతకాదు. ముచ్చటపడి తెచ్చువాడు కుమారుడు. వాడు కళాశాలకు పోయిన పిమ్మట ఆ డబ్బాను కనిపెట్టుకొని యుండవలసినది తల్లి. కావున ఆ తల్లి తెలిసికొనవలసిన నాలుగు మాటలు చెప్పెదను.

మొదట చట్టము సంగతి. నాగుపాము, జెఱ్ఱిపోతు, కొండచిలువ మొదలైన మన నేల పాములను పట్టి ఇంట నుంచుకొనుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. అట్టిది ఇంట దూరినచో దూరముగా నిలిచి, అటవీశాఖవారికో, 1995 మొదలు హైదరాబాదులో పాములను కాపాడుచున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారికో కబురు చేయవలయును. ఆఫ్రికాఖండమునకు చెందిన బాల్ పైథాన్ వంటివానిని పెంచువారు, 2022లో సవరింపబడిన యా చట్టము ననుసరించి ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలయును. డబ్బా గడప దాటకముందే ఆ పత్రమును అడుగుడు.

ఇక గాలి సంగతి. పాము మనవలె తన దేహములో వేడి పుట్టించుకొనదు గనుక దానికి కావలసిన ప్రాణవాయువు స్వల్పము. అందుచేత మూతకు నాలుగు బెజ్జములు చాలునని కొందరందురు. కాని బెజ్జములు ఊపిరికొరకు మాత్రమే కావు; లోపలి తేమ వెలుపలికి పోవుటకు గూడ. నీటిగిన్నెనుండి లేచు ఆవిరియు, విసర్జనముల చెమ్మయు ఆ డబ్బాలోనే తిరుగుచుండును. ప్లాస్టిక్ చెమ్మను పీల్చదు, వెడలనీయదు. తమిళదేశమున చెన్నపట్టణమునకు చేరువనున్న వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరులవారి సహకారసంఘమువారు పాములను మట్టికుండలలో నుంచి, మూతికి గుడ్డ కట్టుదురు. మట్టి చెమ్మను పీల్చును, గుడ్డ గాలిని విడుచును. పాములవాని బుట్టకు అల్లికలోనే సందులుండును. ఈ గుణమేదియు ప్లాస్టిక్ డబ్బాకు లేదు గనుక మనమే కల్పింపవలయును.

తేమ మిక్కిలియైనచో అడుగున పరచిన కాగితము బూజుపట్టును; పొట్టక్రింది పొలుసులపై పొక్కులు లేచును; తుదకు ఊపిరితిత్తులు చెడును. పామునకు మనకువలె రొమ్మును పొట్టను వేరుచేయు కండరపు తెర లేదు. కఫమును దగ్గి వెడలగొట్టుకొనలేదు. నోరు తెరచి ఊపిరి పీల్చుటయు, ముక్కుకడ బుడగలును కనబడినచో జాగుచేయక పశువైద్యునికి చూపవలయును. తేమ చాలకున్నను ముప్పే: కుబుసము ఒక్కటిగా రాక ముక్కలగును, కంటిపొర ఊడక నిలిచిపోవును. బాల్ పైథానునకు తేమ నూటికి 50 మొదలు 65 వరకు నుండుట మేలు. తేమను కొలుచు హైగ్రోమీటరు ఒకటి డబ్బాలో నుంచుడు.

బెజ్జములు మూతకు మాత్రము పెట్టినచో, దానిపై మరియొక డబ్బాయో గుడ్డయో పడినప్పుడు అవి మూసికొనిపోవును. కావున ప్రక్కలకే పెట్టవలయును: ఒకవైపు క్రిందుగాను, ఎదుటివైపు మీదుగాను. వెచ్చని చెమ్మగాలి పైకి లేచి మీది బెజ్జములనుండి పోవును. చల్లనిగాలి క్రిందినుండి వచ్చును. బెజ్జము నాలుగు మిల్లీమీటర్లకు మించరాదు; పాముపిల్లయైనచో ఇంకను చిన్నది కావలయును, తల దూరినచోట ఒడలు దూరును. పామును లోపల నుంచి యీ పని ఎన్నడును చేయరాదు. బరమాతో తొలిచిన పిదప అంచులను గీకి నునుపుచేయుడు. గరుకైనచో పాము ముక్కు రాచుకొని పుండుచేసికొనును. మొదట కొన్నియే పెట్టి, కొన్నిదినములు చూచి, కావలసినచో పెంచుడు. పెట్టిన బెజ్జమును పూడ్చుట కష్టము.

పరీక్ష సులభము. ఉదయమున డబ్బా గోడలపై నీటిబిందువులు నిలిచియున్నచో గాలి చాలలేదు. వానకాలమున నీటిగిన్నెను చిన్నదిగా మార్చి, తడిసిన కాగితమును వెంటనే తీసివేయుడు. ఎండకాలమున గది మిక్కిలి పొడిబారినచో గిన్నెను పెద్దది చేయుడు.

మరియొక హెచ్చరిక. ఎండ సోకు కిటికీకడ గాని, నిలిపిన కారులో గాని డబ్బాను ఉంచినచో ఎన్ని బెజ్జములున్నను పాము బ్రతుకదు. బాల్ పైథానునకు వెచ్చని మూల 32 డిగ్రీలు, చల్లని మూల 26 డిగ్రీలు చాలును. మన వైశాఖపు మధ్యాహ్నములు 40 దాటును.

ఆదిపర్వమున ఆస్తీకుడు సర్పయాగమును మాన్పించిన కథ మనమెరిగినదే. మంటలనుండి కాపాడుట ఆనాటి ధర్మము; మన మూసిన మూతక్రింద ఉడికిపోకుండ చూచుట నేటిది. కుమారుడు ఊరికి పోవునపుడు గది తాళముతోపాటు పాము భారమును గూడ మీ చేతిలో పెట్టును. నీరు మార్చు దినము, తేమ లెక్క, వైద్యుని విలాసము కాగితముమీద వ్రాసి యిమ్మని అడిగి తీసికొనుడు.