రెండు కళ్లూ కలిస్తేనే

త్రీడీ సినిమా పేరెత్తితే ముక్కు విరిచే పెద్దమనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. "పిల్లకాయల ఆట! టిక్కెట్టు చాలదన్నట్టు అద్దాలకు అదనం. బల్లెం మొహం మీదికొచ్చినట్టుంటే అదొక గొప్పా?" అంటారు. పక్కనే ఇంకొకరు "నాకైతే తలనొప్పి తప్ప ఏమీ కనపడలే" అని తీర్పు చెప్పేస్తారు. నా మటుకు నేను ఈ ఇద్దరితోనూ పేచీ పెట్టుకోదలిచాను. మన ఆడవాళ్లం త్రీడీ సినిమాను అంత తేలిగ్గా తోసెయ్యకూడదు.

కాదనలేనివి ముందే ఒప్పేసుకుందాం. 1984లో మన దేశపు మొదటి త్రీడీ సినిమా "మై డియర్ కుట్టిచాత్తన్" మలయాళంలో వచ్చింది. అదే తెలుగులో "చిన్నారి చేతన" అయింది. ఆ మోజు కొన్నాళ్లకు చల్లబడింది. 2009లో "అవతార్"తో మళ్లీ రాజుకుంది. ఇళ్లలోకొచ్చిన త్రీడీ టీవీలనైతే 2017 నాటికి పెద్ద కంపెనీలే చేయడం మానుకున్నాయి. అద్దాలు పెట్టుకుంటే బొమ్మ కాస్త మసకేస్తుంది, నిజమే. కథలో సరుకు లేకపోతే ఏ అద్దాలూ దానికి లోతు తేలేవు, అదీ నిజమే.

అసలు దూరం తెలియడానికి రెండు కళ్లూ ఉండి తీరాలనేమీ లేదు. "దూరపు కొండలు నునుపు" అన్నవాళ్లు ఏ కాలేజీలోనూ చదువుకోలేదు గానీ చూపు శాస్త్రంలో ఒక పాఠాన్ని మూడు ముక్కల్లో చెప్పేశారు. దగ్గరి బండమీద గరుకు కనిపిస్తుంది, దూరం పోయేకొద్దీ అది కలిసిపోయి నునుపౌతుంది. ఆ నునుపును బట్టే మనసు దూరాన్ని లెక్కగడుతుంది. మా మడకశిర వైపు గాలిలో తేమ తక్కువ. వానలు మొహం చాటేసిన ఏడు కొండలు మరీ తేటగా కనిపించి, ఇదిగో ఇక్కడే అన్నట్టుంటాయి. నడిచిపోతే తెలుస్తుంది ఎంత దూరమో! ముందున్నది వెనకదాన్ని కప్పడం, బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి చెట్టు గబగబా, దూరపు చెట్టు నిదానంగా వెనక్కి పోవడం - ఇవన్నీ ఒంటికంటికీ అందే లెక్కలే.

అందుకే చదునైన బొమ్మ మనకెప్పుడూ లోటు చేయలేదు. హిందూపురం దాటి లేపాక్షి పోయి, వీరభద్రస్వామి గుడి కప్పు కింద తలెత్తి చూడండి. పదహారో శతాబ్దపు ఆ బొమ్మలకు ఏ అద్దాలు కావాలి? ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారులు తోలుబొమ్మను తెరకు ఆనిస్తే గీత గీతా తేలుతుంది, కాస్త వెనక్కి లాగితే మసకేసి దూరమౌతుంది. ఒక్క గుడ్డతెర మీదే అంత నాటకం!

"మరి ఇంకేం? త్రీడీ ఎందుకన్నట్టే గదా!" అంటారేమో. ఆగండి. పేచీ అక్కడే ఉంది. లేపాక్షి బొమ్మను గానీ, తోలుబొమ్మలాటను గానీ, మామూలు సినిమాను గానీ ఒక కన్ను మూసుకుని చూసినా పెద్ద నష్టమేమీ లేదు. త్రీడీ ఒక్కటే రెండు కళ్లనూ అడుగుతుంది.

మన కళ్ల మధ్య ఉన్నది ఆరు, ఆరున్నర సెంటీమీటర్లు. ఆ కాస్త ఎడం వల్ల కుడికన్ను చూసేదొకటి, ఎడమకన్ను చూసేది ఇంకొకటి. బొటనవేలు మొహం ముందు పెట్టుకుని ఒక్కో కన్నే మూసి చూడండి, వేలు అటూ ఇటూ గెంతుతుంది. ఈ రెండు బొమ్మల తేడాలోంచే మెదడు లోతును అల్లుతుందని 1838లో ఛార్లెస్ వీట్‌స్టన్ అనే ఆయన అద్దాలు అమర్చి రుజువు చేశాడు. త్రీడీ అద్దాలు చేసేదీ అంతే, ఏ కంటి బొమ్మను ఆ కంటికి పంచిపెడతాయి. అల్లిక పని మనది. ఈ చూపు దగ్గరి పనుల్లోనే ఎక్కువ ఆదుకుంటుంది. ఒక కన్ను మూసి సూదిలో దారం ఎక్కించండి, తెలుస్తుంది.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఒక పిల్ల గ్లాసులో పొయ్యమంటే పక్కన పోస్తుంది. మెట్టు దిగుతూ తడబడుతుంది. సూదిలో దారం ఎక్కదు. మనమేమంటాం? "కళ్లు నెత్తికెక్కాయా?" నెత్తికెక్కలేదమ్మా, ఆ రెండు కళ్లూ ఒకదానితో ఒకటి పలకడం లేదేమో! ప్రపంచంలో నూటికి ఒకరిద్దరు పిల్లలకు ఒక కంటి చూపు సోమరిపోతుంది. మెల్ల ఉంటే పైకి తెలుస్తుంది. దాన్ని "అదృష్టం లేవే" అని మురిసిపోయే అవ్వలున్నారు. మెల్ల లేకుండా ఒక కంటికి మాత్రమే పవరు ఎక్కువైతే పైకేమీ తెలియదు, రెండో కన్ను బండి లాగేస్తుంది. ఏడెనిమిదేళ్ల లోపల పట్టుకుంటే అద్దాలిచ్చి, మంచికంటికి కొన్నాళ్లు గంత కట్టి చాలావరకు బాగుచేయవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. ఇంత తెలిసీ "ఆడపిల్లకు అప్పుడే అద్దాలా? రేపు సంబంధాలెట్లా?" అని వాయిదా వేస్తాం.

"నాకేం కనపడలే" అన్న మాటను అందుకే కొట్టిపారేయొద్దంటున్నాను. తలనొప్పి చాలామందికి వస్తుంది, చూపు ఆనేది తెరమీద, కళ్లు తిరిగేది మీదికొచ్చిన బొమ్మ వైపు గనక. కానీ అందరూ కెవ్వుమన్నచోట ఒక పిల్ల ఊరికే కూర్చుందంటే అది కంటి డాక్టరును కలవాల్సిన మాట. అమెరికాలో బ్రూస్ బ్రిడ్జిమన్ అనే ప్రొఫెసరు అరవయ్యేడేళ్లు లోతు చూపు సరిగా లేకుండా గడిపి, 2012లో "హ్యూగో" త్రీడీ చూసి బయటికొచ్చాక దీపస్తంభం ముందుకు పొడుచుకొచ్చి కనిపించిందని ఆశ్చర్యపోయాడు. అక్కడే సూజన్ బ్యారీ అనే ఆవిడ చిన్నప్పటి మెల్లతో పెరిగి, నలభయ్యెనిమిదేళ్ల వయసులో కళ్లకు సాధన చేయించుకుని లోతు చూడగలిగింది. అందరికీ అట్లా జరుగుతుందని కాదు. సినిమా వైద్యమూ కాదు, పూర్తి పరీక్షా కాదు. తలుపు తట్టి చెప్పే కబురు, అంతే.

సినిమాకూ కంటికీ మన దగ్గర పాత చుట్టరికమే ఉంది. హైదరాబాదులో 1987లో మొదలైన కంటి ఆసుపత్రికి ఎల్.వి. ప్రసాద్ గారి పేరు పెట్టింది, సినిమాల్లో గడించిన ఆయన ఇచ్చిన పెద్ద విరాళం వల్లనే. అంత దూరం పోలేని వాళ్లకు హిందూపురంలోనో అనంతపురంలోనో కంటి డాక్టరు దొరకకపోడు. కావలసింది మన తీరిక. విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని చెప్పుకునే ఎర్రమరకలు చూడ్డానికి లేపాక్షికి బస్సెక్కి పోతాం గదా, ఇంట్లో పిల్ల కళ్లు చూపించడానికి మాత్రం బస్సు దొరకదా?

ఈసారి బెంగుళూరు చుట్టాలింటికి పోయినప్పుడు పిల్లలు త్రీడీ అని గునిస్తే కసురుకోకండి. బయటికొచ్చాక "కథేంటే?" అని అడగొద్దు. "ఆ బల్లెం యాడిదాకా వచ్చిందే?" అని అడగండి. ఆ ఒక్క జవాబు కోసమైనా అద్దాల డబ్బు ఇవ్వొచ్చు.